అన్న ముడి వేసిన ఎర్రాకు చెట్టు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. గడప దగ్గర కూర్చుంటే బజారు చప్పుడులో నా మాట సగమే అందుతుంది. చేతిలో పనుంటే తెచ్చుకోండి. చిక్కుడుకాయలు తుంచేది ఉంటే తుంచుకోండి, నేనూ బీడీల ఆకు కత్తిరిస్తూనే చెప్తాను. వినడానికి చెవులు చాలు, చేతులు ఊరికే ఉండనక్కర్లేదు.

ఆ కిటికీలో మట్టి మూకుడు చూశారా? అందులో ఎండిపోయిన చిన్న చెట్టు ఉంది, జానెడు కన్నా కొంచెం ఎక్కువ. దాని కొమ్మ ఒకదానికి తెల్ల పోగు కట్టి కిందికి లాగి ఉంది. ఆ పోగు మీద మిరియం గింజంత ముడి. కోరుట్లలో ఈ ఇంటికి వచ్చినవాళ్లందరూ అడుగుతారు, ఎండిన పుల్లను పొయ్యిలో పెట్టక కిటికీలో ఎందుకు పెట్టుకున్నావని. కొందరు అడిగితే నవ్వి ఊరుకుంటాను. మీరు కూర్చున్నారు కాబట్టి చెప్తాను.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మగ్గం నేసే ఇల్లు. మా అన్న నాకన్నా ఆరేళ్లు పెద్ద. మా నాయన గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, తెగిన పోగు అతికే పని అన్న చేసేవాడు. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. అన్న నన్ను పిలిచి, "కండ్లు మూస్కో" అనేవాడు. అతికిన పోగును నా వేళ్ల మధ్య నుంచి మెల్లగా లాగేవాడు. "ముడి ఎక్కడున్నదో చెప్పు." నేను బొటనవేలితో వెతికేదాన్ని. ఎన్నడూ దొరికేది కాదు. దొరికితే పుట్నాలు కొనిపెడతానని పందెం. ఆ పుట్నాలు నేను ఒక్కసారి కూడా గెలవలేదు, కానీ ప్రతి సంతకూ ఆయన కొనిచ్చేవాడు.

తర్వాత గుంట మగ్గాలు పోయాయి, కరెంటు మగ్గాలు వచ్చాయి. వాటిని మా దిక్కు సాంచాలంటారు. సాంచెకు ఒక పెద్ద బీము ఉంటుంది, దానికి వేల పోగులు చుట్టి ఉంటాయి. అది అయిపోయి కొత్త బీము ఎక్కించినప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటే అతకాలి. అన్న ఆ పని పట్టుకున్నాడు. వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంటే పొద్దుందాక లేచేవాడు కాదు. సిరిసిల్లలో ఆయన అతికిన బీము మీద పోగు తెగదని పేరు. నేను పెళ్లయి కోరుట్లకు వచ్చి బీడీల చాట ఒళ్లో పెట్టుకున్నాను. ఆయనవి పోగులు, నావి ఆకులు. ఇద్దరి బతుకూ వేళ్ల మీదే.

ఒక దసరా అయిపోయిన వారానికి అన్నకు పక్షవాతం వచ్చింది. బీము ముందర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. పెద్దాసుపత్రిలో పానం నిలబెట్టారు. కాలు ఈడ్చుకుంటూ నడిచేదాకా వచ్చాడు. మూతి కొంచెం వంకర పోయింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పడుకున్న పిల్లిలా అట్లాగే ఉండిపోయింది.

అన్న బిడ్డ, నా మేనకోడలు, జగిత్యాలలో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. అక్కడ కసరత్తు చేయించే డాక్టరు ఉన్నాడని తండ్రిని తన దగ్గర నెల రోజులు పెట్టుకుంది. నేను కోరుట్ల నుంచి బస్సెక్కి రెండు రోజులకోసారి పోయి వచ్చేదాన్ని. ఆ డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చాడు, రోజూ పిసకమని. వేళ్లకు పని చెప్పకపోతే ఉన్న కదలిక కూడా పోతుందని గట్టిగా చెప్పాడు.

"బాపూ, ఒక్క పదిసార్లు పిసుకు."

"నువ్వే పిసుక్కో. నేనేమన్న సంటిపిల్లగాన్నా, బంతులాడేటందుకు?"

"గట్లంటే చెయ్యి ఎట్ల వస్తది బాపూ?"

"పనుంటే ఇయ్యి చేస్త. ఆటలియ్యకు."

బంతి మంచం కిందికి దొర్లిపోయేది. నా మేనకోడలు కళ్లనీళ్లు కొంగుతో తుడుచుకుంటూ అన్నం వండేది. ఒకరోజు నేను పోయేసరికి ఇద్దరూ ఫోను మీద తల వంచి ఉన్నారు. ఫోనులో ఎక్కడో దూరదేశపు ముసలాయన, పళ్లెంలాంటి కుండీలో చిన్న చెట్టు పెట్టుకుని, దాని కొమ్మలు సవరిస్తున్నాడు.

"బిడ్డా, గా ముసలాయనను మళ్ల పెట్టు" అన్నాడు అన్న.

"ఏ ముసలాయన బాపూ?"

"గదే, చెట్టుకు జడేస్తున్నడు సూడు."

"జపాన్ మేపుల్ అంటరు బాపూ దాన్ని. ఆయన తాత కాలం నాటిదంట."

"తాత కాలందా? మరి గింతే ఉన్నదేంది?"

"పెరగనియ్యరు. కత్తిరిస్తరు, కొమ్మలు కడతరు. బోన్సాయ్ అంటే గదే."

అన్న ఫోనును ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, "కట్టుడైతే నాకొచ్చు" అన్నాడు.

పక్షవాతం వచ్చాక 'నాకొచ్చు' అనే మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. నా మేనకోడలు నా మొహం చూసింది. నేను తల ఊపాను. ఆ సాయంత్రమే ఎక్కడో చల్లటి కొండల దిక్కు నుంచి మొక్క తెప్పించేందుకు ఫోనులో చెప్పింది.

సంక్రాంతి దాటాక పార్సిల్ సిరిసిల్లకు వచ్చింది. అప్పటికి అన్న ఇంటికి పోయాడు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. మా వదినె కత్తిపీటతో డబ్బా కోసింది. తడి నాచు చుట్టి, ఒక్క ఆకు కూడా లేని పుల్ల బయటికి వచ్చింది.

"ఓయమ్మో, పుల్ల పంపిండ్రు!" అంది వదినె. "మా పొయ్యిలకు పుల్లలు తక్కువైనయని ఎవరు చెప్పిండ్రు వాళ్లకు?"

"ఒర్రకు. పండుకున్నదది" అన్నాడు అన్న. "చలికాలం ఆకు రాల్చి పండుకుంటదంట. బిడ్డ చెప్పింది."

"నువ్వు పండుకున్నది సాలలేదా, దీన్ని తోడు తెచ్చుకున్నవ్?"

మా వదినె నోరు అట్లాంటిది. కానీ కుమ్మరి దగ్గరికి పోయి, వెడల్పు మూకుడు తెచ్చి, దాని అడుగున మేకుతో మెల్లగా తొలిచి మూడు బొక్కలు చేసింది ఆమెనే. మానేరు ఇసుక జల్లెడ పట్టింది ఆమెనే. ఇటుక ముక్కలు దంచింది ఆమెనే. అన్న ఎడమచేత్తో మట్టి పోశాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని తీసుకొచ్చి, మొక్క మొదలు పక్కన పెట్టాడు.

"ఈ చెయ్యి ఉట్టిగ కూసుంటున్నది. గిదన్న పట్టుకోనియ్యి దానికి."

ఆ వేళ్లు పుల్ల చుట్టూ ముడుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ముడుచుకున్నాయి. వదినె జల్లెడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

శివరాత్రి నాటికి ఆ పుల్లకు చీమ తలంత మొగ్గలు వచ్చాయి. అవి విప్పుకుని ఎర్రటి ఆకులయ్యాయి. ఒక్కో ఆకు చిన్నపిల్ల అరచెయ్యిలా, ఐదు వేళ్లు విచ్చుకుని. ఎండ వెనక నుంచి పడితే గాజులా మెరిసేవి. వదినె దగ్గరికి వచ్చి చూసి, గట్టిగా నవ్వింది.

"పుంటికూర! నేను అంగట్ల కట్టకు కట్ట తెస్త గద, దీనికోసం జపాన్ దాక పోవాల్నా?"

నిజమే, ఎర్ర పుంటికూర ఆకు, అదే గోంగూర ఆకు, అచ్చం అట్లాగే ఉంటుంది. అన్న సగం మూతితో నవ్వాడు. "తెంపి పప్పుల ఏసేవు. నీ మీద నమ్మకం లేదు నాకు."

ఆ నాటి నుంచి దాని పేరు ఇంట్లో పుంటికూర చెట్టే. అన్న ఒక్కడే జపాను చెట్టు అనేవాడు, మర్యాదగా.

ఒక కొమ్మ నిట్టనిలువుగా పోతోంది, దాన్ని కిందికి వంచాలి. ఫోనులో తీగె చుట్టడం చూపించారు. అన్న ఒప్పుకోలేదు.

"తీగెతోటి తోలు కోసుకపోతది. నేను పోగుతోటి కడత."

కొమ్మ మీద మెత్తటి గుడ్డపీలిక వేసి, దాని మీద నుంచి నూలు పోగు తిప్పి, మూకుడు చుట్టూ కట్టిన తాడుకు లాగి ముడి వెయ్యాలి. పొద్దున చాయ తాగి మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. పోగు కొస ఎడమచేతిలోంచి కుడిచేతికి ఇచ్చేవాడు, కుడిచెయ్యి జార్చేసేది. మళ్లీ తీసుకునేవాడు, మళ్లీ జారేది. నా వేళ్లు ఆగలేక ముందుకు పోయాయి.

"చెయ్యి తియ్యి" అన్నాడు. గట్టిగా కాదు, కానీ తీశాను.

అన్నం వేళ దాటింది. వదినె రెండుసార్లు పిలిచి, తర్వాత పిలవడం మానింది. ఆయన నుదుటి చెమట మట్టిలో పడింది. చివరికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఆ పోగును పట్టాయి. పట్టి, తిప్పి, లాగాయి. ముడి పడింది. కొమ్మ వంగి నిలబడింది. వేల పోగులు అతికిన మనిషి ఒక్క ముడికి అంతసేపు కూర్చున్నాడు, కానీ ఆయన మొహం చూస్తే బీము మొత్తం అతికి లేచినట్టుంది.

"చెల్లె, కండ్లు మూస్కో" అన్నాడు.

కళ్లు మూశాను. ఆయన నా చెయ్యి పట్టి పోగు మీద పెట్టాడు. బొటనవేలు కదిలించానో లేదో, తగిలింది. పెద్ద ముడి, మిరియమంత, ఒక పక్కకు తోసుకుని ఉంది.

"దొరుకుతలేదు అన్నా" అన్నాను.

"నీకు అబద్ధమాడరాదు" అన్నాడు. నవ్వాడు. "వచ్చే శివరాత్రికి ఇంకో కొమ్మ కడత. అప్పుడు నిజంగనే దొరకది, సూస్తుండు."

అదీ సంగతి. ఆ చెట్టు ఆయనకు బంతి అయింది, డాక్టరయింది, బీము అయింది. వచ్చే శివరాత్రి దాకా అది బతకాలి. అది బతికి ఉన్నంతకాలం ఆ చెయ్యి పని చేస్తూ ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఆ మాట తెలుసు, పైకి ఎవరూ అనలేదు.

ఉగాది దాటింది. సిరిసిల్లలో అన్న వాళ్లది రేకుల ఇల్లు, చుట్టూ సాంచాల షెడ్లు. మధ్యాహ్నానికి ఇల్లు పెనంలా కాలుతుంది. ఆకుల అంచులు బీడీ కొసలా మాడిపోవడం మొదలైంది. ఇది చల్లదేశం చెట్టు, నీడ కావాలని మేనకోడలు ఫోనులో ఏడ్చినంత పనిచేసింది. అన్న గొడుగు పట్టుకుని దాని పక్కన కూర్చునేవాడు.

నేనే అన్నాను. ఎవరూ అడగలేదు, నేనే అన్నాను. "నా ఇంటికి తీస్కపోత. మాది గూనపెంకుల ఇల్లు. వెనుక అర్రల బీడీల ఆకు పెడత, గక్కడ ఎండాకాలం గూడ చల్లగుంటది. ముసురు పడంగనే తెచ్చిస్త."

"నీతోటి అయితదా?" అన్నాడు అన్న.

"ఆకు సంగతి నాకు చెప్తున్నవా అన్నా? నలభై ఏండ్ల సంది ఆకుతోటే బతుకుతున్న."

అన్న చెట్టును చాలాసేపు చూశాడు. తర్వాత రెండే మాటలు చెప్పాడు. "నీళ్లు పోస్తే కింద నుంచి కారిపోవాలె. ఊపిరాడనియ్యి దానికి."

బస్సులో ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పుకుని కూర్చున్నాను. కండక్టరు పిల్ల వంగి చూసింది.

"ఏంది పెద్దమ్మా, పుంటికూరనా?"

"కాదు బిడ్డా. జపాను చెట్టు."

"జపాన్ నుంచి వస్తున్నవా? మరి సిరిసిల్లల ఎక్కినవేంది?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకు ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను.

మొదటి పదిహేను రోజులు బాగానే ఉంది. పొద్దున వాకిట్లో కాసేపు పెట్టేదాన్ని, ఎండ ఎక్కకముందే లోపలికి తెచ్చేదాన్ని. తర్వాత వడగాలి మొదలైంది. మీకు తెలుసు కదా మా దిక్కు ఎండాకాలం, తలుపు తీస్తే పొయ్యి నోరు తెరిచినట్టుంటుంది. ఒక మధ్యాహ్నం చూస్తే ఆకులు ముడుచుకుని, కొసలు గరగరలాడుతున్నాయి.

నాకు ఒక్కటే తోచింది. బీడీల ఆకు ఎండకు గరగరలాడితే మేమేం చేస్తాం? నీళ్లు చల్లి, తడి గోనెపట్టలో చుట్టి, చీకటి మూలకు పెడతాం. తెల్లారేసరికి మెత్తగా, కత్తెరకు మాట వినేట్టు అవుతుంది. నా చేతులకు తెలిసిన పని అది. ఆలోచించే పనే లేదు. గోనెసంచి తడిపాను. చెట్టుకు, మూకుడుకు కలిపి చుట్టాను. పైన ఇంకో తడిగుడ్డ కప్పాను. వెనుక గదిలో, ఆకు మూటల పక్కన పెట్టాను. పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లాను.

పక్కింటామె కూడా బీడీలు చేస్తుంది, ఉర్దూ మాట్లాడే ఇంటి మనిషి, నన్ను అక్కా అంటుంది. ఆకు అప్పడగడానికి వచ్చి ఆ మూట చూసింది.

"ఏందక్కా, చెట్టుకు దమ్ పెట్టినవా? బిర్యానీకి పెట్టినట్టు మూతేసినవ్. జర గాలి తగలనియ్యరాదు?"

"నీకేం తెలుసు? చల్లదేశంది ఇది" అన్నాను.

"ఏ దేశందైనా ముక్కు ఉంటది గద అక్కా" అని నవ్వుకుంటూ పోయింది.

రెండోనాడు విప్పి చూస్తే ఆకులు మెత్తగా, నిగనిగలాడుతున్నాయి. పొంగిపోయాను. వెంటనే అన్నకు ఫోను చేశాను. "మంచిగున్నది అన్నా. రెండు చిగుర్లు గూడ పెట్టింది." చిగుర్లు అప్పుడు నిజమే. మళ్లీ చుట్టి పెట్టాను, ఇంకొంచెం ఎక్కువ తడిపి.

వారానికి గోనెలోంచి పులిసిన వాసన వచ్చింది. విప్పాను. ఆకుల మీద నల్ల మచ్చలు. ముట్టుకుంటే తడి కాగితంలా వేలికి అంటుకుని ఊడివచ్చాయి. ఎండ దెబ్బే అనుకున్నాను. ఇంకా తడిపాను. ఇంకా బిగించి చుట్టాను. నాలుగు రోజుల్లో ఒక్క ఆకు మిగల్లేదు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను, ఆలోచించాల్సిన రోజు దాటిపోయాక. బీడీల ఆకు చెట్టు నుంచి తెంపి, ఎండబెట్టి, మూట కట్టి వచ్చిన ఆకు. చచ్చిన ఆకు. దాన్ని ఎంత చుట్టినా దానికి పోయే ఊపిరి లేదు. చచ్చిన ఆకుకు చేసే సేవ నేను బతికున్న చెట్టుకు చేశాను. అన్న చెప్పిన రెండు మాటల్లో ఒక్కటి కూడా నిలబెట్టలేదు.

ఆ సాయంత్రం అన్న ఫోను చేశాడు. "ఎట్లున్నది?"

"మంచిగున్నది అన్నా."

"చిగుర్లు?"

"రెండు."

మర్నాడు మళ్లీ. "ఎట్లున్నది చెల్లె?" "మంచిగున్నది." "చిగుర్లు?" "రెండు." రోజూ ఒకే వేళకు చేసేవాడు. నేను కత్తెర పక్కన పెట్టి, మోడు పుల్లను చూస్తూ, మంచిగున్నది అనేదాన్ని. ఒకరోజు వదినె ఫోను తీసుకుంది. "ఆడిబిడ్డా, మీ అన్నను సూస్తే నవ్వస్తున్నది. మంచం కోళ్లకు పొద్దుందాక పోగులు కడుతున్నడు, ఇప్పుతున్నడు. శివరాత్రికి తయారయితున్నడంట. నిన్నటి సంది చెంచ గూడ కుడిచేత్తోటే పడుతున్నడు."

ఫోను పెట్టేశాక నాకు అన్నం సయించలేదు.

చెట్టును చేతిసంచిలో పెట్టుకుని జగిత్యాల పోయాను. మేనకోడలు గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉండాలట. గోధుమ రంగు కనబడింది. ఇంకో చోట గీకింది, అక్కడా అంతే. మట్టి కదిలిస్తే వేర్లు నల్లగా, జిగురుగా ఊడివచ్చాయి. ఆ పిల్ల ఏడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

"ఇంకోటి తెప్పిద్దాం అత్తమ్మా" అంది కాసేపటికి. "ఈ ఎండల పంపరంట, చలికాలం దాక ఆగాలె. అప్పటిదాక బాపుకు చెప్పద్దు."

"మరి ముడి?" అన్నాను.

ఆ పిల్ల ముడి వైపు చూసింది. ఎన్ని మొక్కలు తెచ్చినా ఆ ముడి ఎక్కడి నుంచి తెస్తాం? వేలు పెట్టగానే తెలిసిపోదా ఆయనకు? నేను చెప్పేస్తానన్నాను. అని, చెప్పలేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం. నెల రోజులు మంచిగున్నది అంటూనే ఉన్నాను.

మృగశిర వచ్చింది, మొదటి వాన పడింది. ముసురు పడగానే తెచ్చిస్తానని మాటిచ్చాను. ఇక దాచడానికి ఎండ కూడా లేదు. మూకుడుకు కొంగు కప్పుకుని సిరిసిల్ల బస్సెక్కాను. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు, మోడు పుల్లను ఎవరు అడుగుతారు?

అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో పోగు ఉంది. నేను మూకుడు ఆయన ముందర పెట్టి, కొంగు తీసి, నేల మీద కూలబడ్డాను.

ఆయన చెట్టును చూడలేదు. నన్ను చూశాడు.

"రోజూ రెండు చిగుర్లే అన్నవ్" అన్నాడు. "నెల రోజులైనా రెండేనానే? ఎన్నడన్న మూడన్న అనకపోతివి."

"నీకు తెలుసా అన్నా?"

"తెల్వకేంది. నీకు అబద్ధమాడరాదని చెప్పలేదా?"

"మరి రోజూ ఎందుకడిగినవ్?"

"నువ్వు చెప్తవేమోనని."

వదినె వంటింటి గడపలో నిలబడి ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. నేను గోనెపట్ట సంగతి చెప్పాను, అంతా చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. అన్న విన్నాడు. తర్వాత కుడిచెయ్యి ముందుకు చాపాడు, తనంతట తనే, ఎడమచేతి సాయం లేకుండా. ముడిని బొటనవేలితో తడిమాడు.

"ముడి ఇప్పకు" అన్నాడు. "ఉండనియ్యి."

అంతే. ఒక్క తిట్టు లేదు. చేతిలోని పోగును చుట్టి దిండు కింద పెట్టాడు. ఆ తర్వాత ఆ పోగు మళ్లీ బయటికి తియ్యలేదని వదినె చెప్పింది. చెంచా మళ్లీ ఎడమచేతికి మారింది. కొత్త మొక్క తెప్పిస్తానని బిడ్డ అంటే, "సూద్దాం తియ్యి" అన్నాడట. కుడిచెయ్యి మళ్లీ ఒళ్లోకి పోయి పడుకుంది.

రాఖీ పున్నానికి పోయాను. పోవడానికి మొహం లేదు, కానీ పోకపోతే ఇంకో పాపం. ఈసారి అంగడి రాఖీ కొనలేదు. నూలు పోగులు పసుపులో ముంచి, పేని తీసుకుపోయాను. ఆయన కుడి మణికట్టుకు కట్టాను. ముడి లావుగా పడింది, ఒక పక్కకు తోసుకుపోయింది. విప్పి మళ్లీ వేద్దామనుకుంటే అన్న వద్దన్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎడమచేతి బొటనవేలితో మణికట్టు చుట్టూ వెతికాడు. ముడి మీద వేలు ఆగింది. నేను చూశాను, ఆగింది.

"దొరుకుతలేదు చెల్లె" అన్నాడు.

నేను ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి నా తల మీద పెట్టాడు. చాలా బరువుగా ఉంది ఆ చెయ్యి.

బతుకమ్మ పూలు బజారుకు వచ్చే రోజుల్లో రెండోసారి వచ్చింది పక్షవాతం. ఈసారి ఆగలేదు. నేను పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. మణికట్టుకు నా పోగు అట్లాగే ఉంది, పసుపు వెలిసిపోయి తెల్లబడింది. ఎవరో తీసేస్తామంటే వదినె ఒప్పుకోలేదు. "ముడి ఉండనియ్యుండ్రి" అంది. దాంతోటే పోయాడు.

దినాలు అయ్యాక తిరిగి వస్తుంటే, వదినె దండెం కింద నుంచి మూకుడు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పుంటికూర చెట్టు నువ్వే పెట్టుకో" అంది. ఎత్తిపొడుపు కాదది. ఇచ్చేందుకు ఆమె దగ్గర అంతకన్నా ఏం లేదు.

డాక్టరును ఒకసారి అడిగాను, చెట్టు బతికుంటే మా అన్న ఉండేవాడా అని. అట్లా ఏం చెప్పలేమమ్మా అన్నాడు. మంచివాడు. అవుననలేదు, కాదనలేదు. నేను మాత్రం రోజూ ఆకు తడిపి గోనెలో చుట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. తర్వాత చుడతాను, చుట్టకపోతే బతుకు నడవదు కదా. కిటికీ రెక్క మాత్రం మూయను, వడగాలి కొట్టినా, వానజల్లు కొట్టినా. గాలికి ఆ పోగు కొంచెం కదులుతుంది. పని అయ్యాక కళ్లు మూసుకుని బొటనవేలు పెడతాను. వెంటనే దొరుకుతుంది. అంత పెద్ద ముడి.

చిక్కుడుకాయలు తుంచడం అయిందా? ఇక లేవండి, మీ ఇంట్లో మీకోసం చూస్తుంటారు. పోయేముందు ఒక మాట. మీ ఇంట్లో అన్నాచెల్లెళ్లు రోజూ ఒకరినొకరు ఎట్లున్నావని అడుగుతూ ఉండాలి, అడిగినవాళ్లకు నిజం చెప్పే ధైర్యం మీ అందరికీ ఉండాలి. మీ చేతులు పది కాలాలు పని చెయ్యాలి. మీ కిటికీలోంచి గాలి రావాలి, మీ కుండీలో చిగురు మూడు కావాలి, ఆరు కావాలి. సల్లగుండండి బిడ్డా, మీరూ మీ ఇల్లూ.